ఆర్‌వీకి, బోటుకి ఏ బ్యాటరీ? నీళ్లు పోసేదా, ఏజీఎమ్మా, లిథియమా?

అమెరికాలో కొత్తగా ఆర్‌వీయో (లోపలే ఉండి తిరిగే ఇంటి బండి, లేదా బండి వెనక లాగే ట్రెయిలర్) పాంటూన్ బోటో (తేలే గొట్టాల మీద చదునైన వేదిక ఉన్నది) కొన్నవాళ్లు ముందుగా చిక్కుకునేది బ్యాటరీ గొడవలోనే. "లిథియం తప్ప ఏది కొన్నా డబ్బు దండగ" అంటాడొకాయన. "రెండు గోల్ఫ్ కార్ట్ బ్యాటరీలు పడేసి మర్చిపో" అంటాడింకొకాయన. ఇద్దరూ అబద్ధం చెప్పడం లేదు. మొదటాయన చలికాలమంతా అరిజోనాలో క్వార్ట్‌జ్‌సైట్ ఎడారిలో కరెంటు లేకుండా ఉంటాడు. రెండో ఆయన ఏడాదికి ఆరుసార్లు స్టేట్ పార్కుకి వెళ్లి 30 ఆంపియర్ల ప్లగ్గు పెట్టుకుని కూర్చుంటాడు. ఎవరి బండికి వాళ్ల జవాబు సరైనదే. ఒకరి జవాబుని ఇంకొకరి బండికి బిగించబోయినప్పుడే గొడవ మొదలవుతుంది.

ఇక్కడ చెబుతున్నది హౌస్ బ్యాటరీ సంగతి. అంటే లైట్లు, ఫ్రిజ్, నీళ్ల పంపు, ఫర్నేస్ ఫ్యాను నడిపేది. ఇంజను తిప్పే స్టార్టింగ్ బ్యాటరీకి లెక్కలు వేరు. దాని సంగతి బోట్ల దగ్గర వస్తుంది.

## షాపుకి వెళ్లే ముందు తేల్చుకోవాల్సినవి

రోజుకు ఎంత ఖర్చు? బ్యాటరీ మీద ఏహెచ్ అని రాసి ఉండేది ఆంపియర్-అవర్ల లెక్క, ఒక ఆంపియరు గంటసేపు లాగితే ఒక ఏహెచ్. కరెంటు ప్లగ్గు లేని చోట, రాత్రి చలి ఉన్న రోజున ఒక మామూలు ట్రెయిలర్ ఇలా తింటుంది. 12 వోల్టుల కంప్రెసర్ ఫ్రిజ్ 50 నుంచి 80 ఏహెచ్. ఫర్నేస్ ఫ్యాను తిరిగేటప్పుడు 7 నుంచి 10 ఆంపియర్లు లాగుతుంది, రాత్రంతా ఆగుతూ తిరుగుతూ మొత్తం నాలుగు గంటలు నడిస్తే 30 దాటుతుంది. లైట్లు, ఫోన్లు, పైకప్పు ఫ్యాను కలిపి 15. నీళ్ల పంపు 6 ఆంపియర్లు లాగినా రోజుకు ఇరవై నిమిషాలే కాబట్టి 2. ఇవికాక గ్యాస్ డిటెక్టర్, స్టీరియో, కంట్రోల్ బోర్డులు ఎవరూ ముట్టుకోకపోయినా 0.3 నుంచి 0.5 ఆంపియర్లు పీలుస్తూనే ఉంటాయి. రోజుకు అదే ఓ 10 ఏహెచ్. అన్నీ కూడితే 120 దగ్గరికి వస్తుంది. ఫ్రిజ్ ప్రొపేన్ మీద నడిచే పాత రకమైతే ఇందులో 50 దాకా తగ్గించుకోవచ్చు. వాదనల్లో జనం తమ ఫ్రిజ్ ఏ రకమో చెప్పరు. తేడా అంతా అక్కడే ఉంటుంది.

ఒక్కసారిగా ఎంత లాగుతారు? ఇది పై లెక్కకి పూర్తిగా వేరే ప్రశ్న. మన వంటింటి సామానుతోనే చూద్దాం. 550 వాట్ల, 110 వోల్టుల మిక్సీ ఇన్వర్టర్ మీద నడిస్తే బ్యాటరీ నుంచి 50 ఆంపియర్లకు పైగా లాగుతుంది. కానీ చట్నీకి మూడు నిమిషాలే, మొత్తం ఖర్చు 3 ఏహెచ్ కూడా కాదు. 700 వాట్ల రైస్ కుక్కర్ అరగంటకు 30 ఏహెచ్ తింటుంది. 1,800 వాట్ల ఇండక్షన్ స్టవ్ ఫుల్లులో పెడితే 160 ఆంపియర్లు, ఇరవై నిమిషాలకే 50 ఏహెచ్ దాటిపోతుంది. సీసం బ్యాటరీ ఏహెచ్ లెక్క కట్టేది ఇరవై గంటలపాటు నెమ్మదిగా వాడితే ఎంత ఇస్తుందని. దాన్ని ఒక్క గంటలో పిండాలని చూస్తే అంత ఇవ్వదు. వోల్టేజీ కుంగిపోయి, లోపల సగం చార్జి ఉండగానే ఇన్వర్టర్ కీచుమని అరిచి ఆగిపోతుంది.

ఎలా నింపుతారు? ప్లగ్గు, జనరేటర్, సోలార్, ఇంజను ఆల్టర్నేటర్. ఎక్కువమంది వదిలేసే ప్రశ్న ఇదే, ఎంపికని అన్నిటికన్నా ఎక్కువ తిప్పేదీ ఇదే.

ఎక్కడ పెడతారు? ట్రెయిలర్ ముందు ఇనుప చట్రం మీద ప్లాస్టిక్ డబ్బాలో ఉంటే మిన్నెసోటా చలీ ఫీనిక్స్ ఎండా నేరుగా తగులుతాయి. సీసం బ్యాటరీ ఎండకి త్వరగా పోతుంది. 25 డిగ్రీల సెల్సియస్ దాటాక ప్రతి పది డిగ్రీలకీ ఆయుష్షు సుమారు సగానికి పడుతుంది. లిథియానికి ఎండ కన్నా చలితో చిక్కు.

హఠాత్తుగా ఆగిపోతే ఏమవుతుంది? ట్రెయిలర్‌లో లైటు ఆరితే టార్చి వెతుక్కుంటారు. బోటు అడుగున చేరే నీళ్లని తోడిపోసే బిల్జ్ పంపు ఆగితే నీళ్లు లోపలే నిలుస్తాయి.

## నీళ్లు పోసే సీసం బ్యాటరీ

మన ఊళ్లలో ఇంటి ఇన్వర్టర్ బ్యాటరీకి డిస్టిల్డ్ వాటర్ పోసినవాళ్లకి ఇది పాత చుట్టమే. అమెరికాలో ఇందులో కొనదగ్గది 6 వోల్టుల గోల్ఫ్ కార్ట్ బ్యాటరీ, జీసీ2 అంటారు. రెండింటిని సిరీస్‌లో కలిపితే 12 వోల్టుల దగ్గర 210 నుంచి 230 ఏహెచ్. ఒక్కోటి 60 పౌన్లకు పైనే ఉంటుంది.

కొనకూడనిది డీలరు కొత్త ట్రెయిలర్‌తో ఇచ్చే, "మెరైన్" అని స్టిక్కరున్న గ్రూప్ 24 సైజు బ్యాటరీ. అది ఇంజనూ తిప్పుతుంది, ఇల్లూ నడుపుతుంది అని రాసి ఉంటుంది. నిజానికి రెండు పనులకీ అరకొరే. గుర్తుపట్టడం తేలిక: లేబుల్ మీద క్రాంకింగ్ ఆంప్స్ (ఇంజను తిప్పడానికి కాసేపు ఇవ్వగల కరెంటు) పెద్ద అక్షరాల్లో ఉండి ఏహెచ్ ఎక్కడా లేకపోతే అందులో ప్లేట్లు పలచన అని అర్థం. లోతుగా ఖాళీ చేస్తే ఆ ప్లేట్లు నిలవవు.

సగానికి మించి వాడకూడదన్న 50 శాతం సూత్రం మీద జరిగినంత గొడవ ఇంకే దాని మీదా జరగదు. 50 దగ్గర గోడేమీ లేదు. ఎంత లోతుగా వాడితే అన్ని తక్కువ సార్లు పనికొస్తుంది, అంతే. ఎప్పుడో ఒకసారి 70 శాతం వాడినందుకు బ్యాటరీ చచ్చిపోదు. దాన్ని నిజంగా చంపేది ఖాళీగా వదిలేయడం. చార్జి తక్కువగా రోజులు గడిస్తే ప్లేట్ల మీద సీసం సల్ఫేటు గట్టి స్ఫటికాలుగా పేరుకుంటుంది, ఆ భాగం ఇక పనికిరాదు. పైన చెప్పిన 0.4 ఆంపియర్ల నిశ్శబ్దపు పీల్పు 80 ఏహెచ్ బ్యాటరీని వారం, పది రోజుల్లో సున్నాకి దించుతుంది. అక్టోబరులో పక్కన నిలిపేసి ఏప్రిల్‌లో తలుపు తీసేవాళ్ల బ్యాటరీలు పోయేది ఇలాగే. ఉత్తరాది రాష్ట్రాల్లో ఇంకో దెబ్బ కూడా ఉంది: పూర్తిగా ఖాళీ అయిన సీసం బ్యాటరీ మైనస్ 7 డిగ్రీల దగ్గరే గడ్డకట్టి పగులుతుంది. నిండా చార్జి ఉన్నది మైనస్ 50 కీ గడ్డకట్టదు.

నీళ్లు పోయాల్సింది చార్జి పూర్తయ్యాకే. ముందే నింపితే చార్జి అయ్యేటప్పుడు ద్రవం ఉబ్బి యాసిడ్ పైకి పొర్లుతుంది. ప్లేట్లు బయటికి కనిపిస్తుంటే మాత్రం అవి మునిగేంతవరకే పోసి, చార్జి చేసి, తర్వాత మిగతాది నింపాలి. ఎండాకాలం నెలకోసారి మూత తీసి చూడాలి. యాసిడ్ సాంద్రత చూపే హైడ్రోమీటర్‌లో 1.265 పైన ఉంటే నిండినట్టు. వోల్టేజీతో చూడాలంటే కొన్ని గంటలు ఏమీ వాడకుండా వదిలేశాక చూడాలి: 12.6 నుంచి 12.7 అయితే నిండు, 12.1 అయితే సగం. చార్జర్ తీసిన వెంటనే చూసిన అంకె నమ్మొద్దు.

దీని అసలు బలహీనత చివరి 20 శాతం. 220 ఏహెచ్ జతని సగం నుంచి 80, 85 శాతం దాకా 45 ఆంపియర్ల చార్జర్ రెండు గంటల్లోపే తీసుకెళ్తుంది. అక్కణ్నుంచి బ్యాటరీయే కరెంటు తీసుకోవడం తగ్గిస్తుంది, మిగతా కొంచెం నిండడానికి ఇంకో నాలుగైదు గంటలు. యోసెమిటీ క్యాంప్‌గ్రౌండ్లలో, గ్రాండ్ క్యాన్యన్ మాథర్‌లో హుకప్‌లు, అంటే బండికి తగిలించుకునే కరెంటు, నీళ్ల కనెక్షన్లు లేవు. అలాంటి చోట్ల జనరేటర్ వేసుకోవడానికి రోజులో కొన్ని గంటలే అనుమతి. నాలుగు రోజుల మకాంలో ఈ బ్యాటరీ ఒక్కసారి కూడా పూర్తిగా నిండదు. సోలార్ ప్యానెల్ మాత్రం దీనికి బాగా నప్పుతుంది. మధ్యాహ్నం నెమ్మదిగా వచ్చే కరెంటే ఆ చివరి 20 శాతానికి కావలసింది.

## ఏజీఎం

ఇదీ సీసమే. యాసిడ్‌ని గాజునార చాపలో పీల్పించి, మూసేసిన డబ్బా. నీళ్లు పోయక్కర్లేదు, ఒరిగినా కారదు, కుదుపులకి తట్టుకుంటుంది, పక్కన పెట్టేస్తే తనంతట తాను దిగిపోవడం నెమ్మది. మామూలుగా వాడితే వాయువు బయటికి రాదు కాబట్టి మంచం కింద కూడా పెట్టొచ్చు. ధర నీళ్ల రకానికి దాదాపు రెట్టింపు.

నీళ్ల గొడవ లేదు కదా అని దీన్ని పట్టించుకోనక్కర్లేని బ్యాటరీ అనుకుంటారు. అక్కడే దెబ్బతింటారు. ఏజీఎం కూడా తరచూ 100 శాతం నిండాలి. రోజూ 50 కీ 80 కీ మధ్య తిప్పుతూ ఉంటే రెండు మూడేళ్లలో సత్తువ సగానికి పడిపోతుంది. నీళ్ల రకమైతే ఎక్కువ వోల్టేజీతో ఈక్వలైజ్ చేసి కొంత వెనక్కి తెచ్చుకోవచ్చు. చాలా ఏజీఎంలకి ఆ వైద్యం పనికిరాదు, లోపల తేమ పోతే మళ్లీ పోయడానికి దారే లేదు. చార్జర్‌లో ఏజీఎం సెట్టింగు 14.4 నుంచి 14.7 వోల్టుల మధ్య ఉండాలి. ఏ అంకె అన్నది తయారీదారు కాగితం చూసే పెట్టాలి.

ఆర్‌వీలో దీనికి ఈ రోజుల్లో చోటు తగ్గింది. లిథియం ధరలు దిగాక, ఏజీఎం ఖరీదు పెట్టగలిగినవాళ్లు ఇంకొంచెం వేసి అటే వెళ్తున్నారు, అది సబబే. బోటులో మాత్రం దాని పీట దానికి ఉంది.

## లిథియం

ఆర్‌వీల్లో, బోట్లలో వాడేది లిథియం ఐరన్ ఫాస్ఫేటు, ఎల్‌ఎఫ్‌పీ అంటారు. ఫోన్లలో ఉండే రకం కాదు. వేడెక్కి మంటలు రేగడం దీనిలో చాలా కష్టం. "లిథియమా, బండి తగలబడుతుంది" అనేవాళ్లు ఈ తేడా పట్టించుకోరు. దీనికి అసలు ప్రమాదం లేదనేవాళ్లు కూడా సగమే చెబుతున్నారు. మంటలు రేగడానికి ఎక్కువ అవకాశం బ్యాటరీ లోపల కన్నా సన్నని తీగలో, వదులుగా బిగించిన నట్టులో, పెట్టని ఫ్యూజులో ఉంటుంది. లిథియం అంత కరెంటు ఇవ్వగలదు కాబట్టే ఆ తప్పుల ఫలితం పెద్దది.

100 ఏహెచ్ బ్యాటరీ 23 నుంచి 30 పౌన్లు. అందులో 80, 90 శాతం నిశ్చింతగా వాడుకోవచ్చు. 160 ఆంపియర్లు లాగినా వోల్టేజీ పెద్దగా కుంగదు, ఇండక్షన్ వంట చేయాలంటే అసలు దారి ఇదే. సగంలో వదిలేస్తే పాడవదు, నిజానికి సగంలో ఉంచితేనే దానికి హాయి. 200 ఏహెచ్‌ని 20 శాతం నుంచి 55 ఆంపియర్ల చార్జర్ మూడు గంటల్లో నింపేస్తుంది. చివర్లో నత్తనడక లేదు.

ఇక పేచీలు. 0 డిగ్రీల సెల్సియస్ కింద చార్జి చేయకూడదు. చేస్తే లోపల లిథియం లోహంగా పేరుకుని బ్యాటరీ శాశ్వతంగా పాడవుతుంది. వాడుకోవడానికి మాత్రం ఆ చలిలోనూ పనిచేస్తుంది. లోపలుండే రక్షణ సర్క్యూట్ని బీఎంఎస్ అంటారు. చలిలో చార్జిని ఆపే పని దానిదే. చవక బ్యాటరీల్లో కొన్నింటికి ఆ సెన్సరు ఉండదు. కొనేముందు స్పెసిఫికేషన్ కాగితంలో చలిలో చార్జి ఆగే ఉష్ణోగ్రత అంకెతో సహా రాసి ఉందో లేదో చూడండి. లేకపోతే ఆ బ్యాటరీ టెక్సస్‌లోనే ఉండాలి, అక్కడా జనవరిలో జాగ్రత్త. హీటరు ఉన్నవి దొరుకుతాయి. వాయువు రాదు కాబట్టి బయటి చట్రం మీంచి తీసి లోపలి సామాన్ల అరలోకి మార్చడం ఇంకా మంచిది. దొంగల బెడద కూడా తగ్గుతుంది.

ఇంకో చిక్కు, వోల్టేజీ చూసి ఎంత మిగిలిందో చెప్పలేం. నిండా ఉన్నప్పుడూ 30 శాతం ఉన్నప్పుడూ అంకె ఇంచుమించు 13 దగ్గరే కూర్చుంటుంది, తర్వాత ఒక్కసారిగా కూలుతుంది. గోడ మీది నాలుగు లైట్ల మీటరు ఇక అలంకారమే. నెగటివ్ తీగలో షంట్ (వచ్చిపోయే కరెంటుని కొలిచే ముక్క) ఉన్న మానిటర్ పెట్టాలి. ప్రతి నెగటివ్ తీగా షంట్‌కి బ్యాటరీ లేని వైపుకే రావాలి. ఒక్కటి బ్యాటరీ టెర్మినల్ మీదే మిగిలిపోయినా లెక్క తప్పుతుంది.

"తీసేసి పెట్టేయడమే" అని అమ్మే మాట సగం నిజం. ప్లగ్గు కరెంటుతో బ్యాటరీని నింపే పాత కన్వర్టర్ 13.6 వోల్టుల దగ్గరే నిలిచే రకమైతే లిథియం పాడవదు, నెమ్మదిగా నిండుతుంది, చివరికంటా నిండదు. అయితే 15 వోల్టులు దాటే ఈక్వలైజ్ మోడ్‌నీ, చలిలో వోల్టేజీ పెంచే టెంపరేచర్ కాంపెన్సేషన్‌నీ ఆపేయాలి. సొంత ఇంజనున్న ఆర్‌వీ, అంటే మోటర్‌హోమ్‌లో ఆల్టర్నేటర్ సంగతి ఇంకా ముఖ్యం. ఖాళీ లిథియం ఇచ్చినంతా మింగుతుంది. ఆల్టర్నేటర్ పూర్తి కరెంటు ఇస్తూ, ఇంజను నిలబడి తిరుగుతుంటే గాలి తగలక కాలిపోతుంది. మధ్యలో 30 ఆంపియర్లకి కట్టడి చేసే డీసీ టు డీసీ చార్జర్ పెట్టడమే మందు. ట్రెయిలరైతే ఏడు పిన్నుల ప్లగ్గులోని సన్నని తీగ పాతిక అడుగులు ప్రయాణించి తెచ్చేది 5 నుంచి 10 ఆంపియర్లే. దారిలో నిండుతుందని దాని మీద ఆశ పెట్టుకోకండి.

## ఒక చూపులో

సుమారు 200 ఏహెచ్ బ్యాటరీల సెట్టుకి, అమెరికా ధరల్లో, ఉజ్జాయింపుగా:

| | జీసీ2 జత | ఏజీఎం రెండు | లిథియం రెండు |
|---|---|---|---|
| నిజంగా వాడుకోగలిగేది | 110 ఏహెచ్ | 100 ఏహెచ్ | 160–180 ఏహెచ్ |
| బరువు | 125–130 పౌన్లు | 120–140 పౌన్లు | 50–60 పౌన్లు |
| బ్యాటరీల ధర | 250–400 డాలర్లు | 400–700 డాలర్లు | 400–800 డాలర్లు, పేరున్నవి రెట్టింపు |
| అదనపు సామాను | హైడ్రోమీటర్, డిస్టిల్డ్ వాటర్ | దాదాపు ఏమీ లేదు | చార్జర్, షంట్, ఫ్యూజు, డీసీ చార్జర్: 400–800 డాలర్లు |
| మంచి సంరక్షణతో ఆయుష్షు | 5–8 ఏళ్లు | 4–6 ఏళ్లు | 10 ఏళ్లు, పైన |
| పక్కన పెట్టేటప్పుడు | నిండుగా, నెలకోసారి చార్జి | నిండుగా, రెండు మూడు నెలలకోసారి | సగం చార్జితో, తీగ విప్పి |

నాలుగో వరస మీద కన్నేసి ఉంచండి. లిథియం చవకైందని చెప్పేవాళ్లు మూడో వరసే చదివి వినిపిస్తారు.

## మీరు వీళ్లలో ఎవరు?

ప్లగ్గు ఉన్న చోటికే వెళ్లేవాళ్లు. డాలస్ నుంచి శుక్రవారం సాయంత్రం రే రాబర్ట్స్ లేక్ స్టేట్ పార్కుకి వెళ్లి ఆదివారం తిరిగొచ్చే కుటుంబానికి కరెంటు కన్వర్టర్ నుంచే వస్తుంది. బ్యాటరీ పని ట్రెయిలర్ ముందు భాగాన్ని ఎత్తే జాక్ తిప్పడం, పక్కకి జరిగే గోడని (స్లైడ్) తోయడం, అన్నిటికన్నా ముఖ్యంగా ట్రెయిలర్ బండి నుంచి విడిపోతే బ్రేకులు పట్టే బ్రేక్‌అవే స్విచ్‌కి కరెంటు ఇవ్వడం. అందుకే బ్యాటరీ లేకుండా ట్రెయిలర్ లాగకూడదు. వీళ్లకి ఒక గ్రూప్ 27 సైజు డీప్ సైకిల్ (లోతుగా ఖాళీ చేసినా తట్టుకునే) బ్యాటరీ, 20 డాలర్ల కట్ ఆఫ్ స్విచ్ చాలు. మిగిలిన డబ్బు టైర్లకి పెట్టుకోవచ్చు.

ఏడాదికి రెండు మూడు సార్లు ప్లగ్గు లేకుండా రెండు రాత్రులు ఉండేవాళ్లు. ప్రొపేన్ ఫ్రిజ్ ఉంటే జీసీ2 జత, 200 వాట్ల సోలార్. వేసవిలో పైకప్పు మీద పరిచిన 200 వాట్ల ప్యానెల్ రోజుకు 55, 60 ఏహెచ్ ఇస్తుంది, చెట్ల నీడ లేకుంటేనే. పప్పు ప్రొపేన్ స్టవ్ మీద ప్రెషర్ కుక్కర్‌లో వండుకోండి. మిక్సీకి 1,000 వాట్ల ప్యూర్ సైన్ ఇన్వర్టర్ చాలు, ఆ 50 ఆంపియర్ల లాగుడు ఈ జత మోయగలిగినంతే. ఇండక్షన్ మాట ఎత్తకండి. ఫ్రిజ్ కంప్రెసర్ రకమైతే లెక్క మారిపోతుంది: 120 ఖర్చు, వాడుకోగలిగేది 110. మొదటి రాత్రి గడిచేసరికే అయిపోతుంది. వీళ్లు నేరుగా లిథియానికి వెళ్లడమే మంచిది.

ఎస్‌యూవీతో చిన్న ట్రెయిలర్ లాగేవాళ్లు. 5,000 పౌన్లు లాగగల ఎస్‌యూవీలకి హిచ్ (ట్రెయిలర్ తగిలించే కొక్కెం) మీద పడే బరువు పరిమితి సాధారణంగా 500 పౌన్లు. రెండు ప్రొపేన్ సిలిండర్లు, రెండు జీసీ2లు ముందు చట్రం మీదే ఉంటాయి. అక్కడ లిథియం పెడితే 70 పౌన్లు తగ్గుతాయి. వీళ్ల విషయంలో కరెంటు లెక్క రెండోది, బరువు లెక్క మొదటిది.

నెలల తరబడి బండిలోనే ఉండేవాళ్లు. లిథియం, 400 ఏహెచ్, 600 వాట్ల సోలార్‌కి తక్కువ కాకుండా. ఇక్కడ వాదన లేదు.

## బోటుకి వచ్చేసరికి

బోటులో ఒక నియమం ముందే పెట్టుకోవాలి: ఇంజను స్టార్టింగ్ బ్యాటరీ సీసమే ఉండనివ్వండి. బోటు వెనక బిగించే ఔట్‌బోర్డ్ మోటారు పుస్తకంలో ఏ రకం కావాలో, ఎన్ని క్రాంకింగ్ ఆంప్స్ కావాలో ఉంటుంది. కొన్ని పెద్ద మోటార్లకి ఏజీఎమ్మే కావాలని రాసి ఉంటుంది. మోటారు తయారీదారు ఒప్పుకుంటే తప్ప అక్కడ లిథియం వద్దు. మోటారు నడుస్తుండగా బీఎంఎస్ హఠాత్తుగా విడిపోతే వోల్టేజీ ఎగిరి ఆల్టర్నేటర్ డయోడ్లు పోతాయి.

ఫ్లోట్ స్విచ్ మీద తనంతట తాను నడిచే బిల్జ్ పంపుని కూడా ఈ సీసం బ్యాటరీకే కట్టండి. లిథియం అడుగంటితే బీఎంఎస్ తలుపు మూసేస్తుంది, పంపుకి చివరి చుక్క కూడా మిగలదు. సీసం బ్యాటరీ నీరసపడుతూ అయినా ఇంకాసేపు తిప్పుతుంది. అమెరికా బోట్ల ప్రమాణాలు రాసే ఏబీవైసీ సంస్థ లిథియం కోసం ఈ-13 అనే ప్రమాణం తెచ్చింది. బీఎంఎస్ కరెంటు కత్తిరించే ముందు నడిపేవాళ్లకి హెచ్చరిక రావాలని అందులో ఉంది. చవక బ్యాటరీల్లో ఆ ఏర్పాటు ఉండదు. ఇన్సూరెన్స్ కంపెనీ సర్వేయర్ని పంపితే ఆయన అడిగేది ఇలాంటివే.

చెరువులో చేపలు పట్టే 16 అడుగుల అల్యూమినియం బోటుకి లిథియం బాగా కలిసొస్తుంది. బోటుని నెమ్మదిగా నడిపే, 55 పౌన్ల థ్రస్ట్ (తోసే బలం) ఉన్న 12 వోల్టుల ట్రోలింగ్ మోటారు ఫుల్లులో 50 ఆంపియర్లు లాగుతుంది. ముందు భాగంలో 60 పౌన్ల డబ్బా బదులు 25 పౌన్లది ఉంటే బోటు నీళ్ల మీద కూర్చునే తీరే మారుతుంది. 24 వోల్టుల మోటారైతే 12 వోల్టులవి రెండు సిరీస్‌లో కలపడానికి వాటి బీఎంఎస్ ఒప్పుకుంటుందో లేదో చూడాలి. ఒకే 24 వోల్టుల బ్యాటరీ కొంటే ఆ బాధే లేదు.

పాంటూన్‌లో స్టీరియో, నాలుగు లైట్లే అయితే ఏజీఎం సరిపోతుంది. సాయంత్రం ఒడ్డుకొచ్చి చార్జర్ పెట్టేవాళ్లు రోజూ 100 శాతం నింపుతారు కాబట్టి దానికి కావలసిన భోగం దొరుకుతుంది. ఉప్పునీళ్లలో తిరిగే బోటులో మాత్రం మూతలున్న నీళ్ల రకం పెట్టకపోవడమే మంచిది. సముద్రపు నీళ్లు యాసిడ్‌లో కలిస్తే క్లోరిన్ వాయువు వస్తుంది, బిల్జ్ మూలన వంగి మూతలు తీసి చూసే ఓపికా ఎవరికీ ఉండదు.

స్టార్టింగ్ సీసాన్నీ హౌస్ లిథియాన్నీ పాత పద్ధతి రిలేతో కలపకండి. ఆ రిలే 13 వోల్టులు దాటితే చార్జి అవుతోందనుకుని రెండింటినీ కలుపుతుంది, వోల్టేజీ పడిపోతే విడదీస్తుంది. లిథియం ఊరికే కూర్చున్నా 13.2, 13.3 దగ్గర ఉంటుంది. దాంతో రిలే ఎప్పటికీ విడదీయదు, లిథియం రాత్రంతా సీసాన్ని మేపుతూనే ఉంటుంది. ఇక్కడా డీసీ టు డీసీ చార్జరే.

## బిగించేటప్పుడు జరిగే తప్పులు

అన్నిటికన్నా ఎక్కువగా జరిగేది రంగు పొరపాటు. కార్లలో నలుపు నెగటివ్. ఆర్‌వీ హౌస్ వైరింగ్‌లో తరచుగా నలుపే పాజిటివ్, తెలుపు నెగటివ్. అలవాటు మీద నల్లతీగని మైనస్‌కి తగిలిస్తే కన్వర్టర్‌లోని రివర్స్ పొలారిటీ ఫ్యూజులు ఒక్క మెరుపుతో పోతాయి. అదృష్టం బాగుంటే అవే పోతాయి. బోటులో ఎరుపు పాజిటివ్, నెగటివ్‌కి పసుపో నలుపో ఉంటుంది. పసుపు వాడమనేది ఈ గందరగోళం తప్పించడానికే. ఏదైనా సరే, విప్పే ముందు ఫోటో తీసి, మల్టీమీటర్‌తో చూసి, టేపు మీద గుర్తు రాసుకోండి.

విప్పే వరస: ముందు బయటి కరెంటు (షోర్ పవర్) ప్లగ్గు తీయాలి, తర్వాత సోలార్ ప్యానెల్ తీగ, తర్వాత బ్యాటరీ నెగటివ్, ఆఖరున పాజిటివ్. బిగించేటప్పుడు సరిగ్గా తిరగేసి. సోలార్ కంట్రోలర్‌కి బ్యాటరీ లేకుండా ప్యానెల్ ఒక్కటే తగిలి ఉంటే అది దెబ్బతినొచ్చు. చేతి ఉంగరాలు, గాజులు, కడియం ముందే తీసి పక్కన పెట్టండి. రెంచికీ టెర్మినల్‌కీ మధ్య బంగారు ఉంగరం ఇరుక్కుంటే అది వేడెక్కి వేలిని కాల్చడానికి క్షణం చాలు.

2,000 వాట్ల ఇన్వర్టర్ ఫుల్లులో 180 ఆంపియర్లు దాటుతుంది. దానికి 2/0 సైజు రాగి తీగ, వీలైనంత పొట్టిగా. బోటులో టిన్ను పూసిన రాగి తీగ వాడాలి, మామూలుది ఉప్పుగాలికి లోపలే పచ్చబడుతుంది. లిథియానికి ఫ్యూజు క్లాస్ టీ రకం. షార్టయితే లిథియం వేల ఆంపియర్లు కుమ్మరిస్తుంది. చవక ఫ్యూజు కాలినా లోపల నిప్పురవ్వ ఆరకుండా కరెంటు దాటిపోవచ్చు. క్లాస్ టీ 20,000 ఆంపియర్లని కూడా తెంచగలదు. బోట్లకి ఏబీవైసీ లెక్క ప్రకారం ఫ్యూజు బ్యాటరీకి 7 అంగుళాల లోపు ఉండాలి. స్టార్టర్ తీగకి, రక్షణ గొట్టంలో నడిచే తీగలకి మినహాయింపులున్నాయి. ఆర్‌వీలో అడిగేవాళ్లు లేకపోయినా అదే కొలత పాటించడం మంచిది. బోటులో బ్యాటరీని కట్టే పట్టీకి కూడా కొలత ఉంది: 90 పౌన్ల బలంతో లాగినా అంగుళానికి మించి కదలకూడదు.

రెండు బ్యాటరీలు సమాంతరంగా పెడితే పాజిటివ్ తీగ ఒకదాని నుంచి, నెగటివ్ తీగ రెండోదాని నుంచి తీసుకోవాలి. రెండూ ఒకదాని మీంచే తీస్తే దానికే పని ఎక్కువ పడి ముందు పోతుంది. లిథియంవైతే కలిపే ముందు ఒక్కోదాన్నీ విడిగా పూర్తిగా చార్జి చేయాలి.

అన్నీ బిగించాక ఇన్వర్టర్ మీద రైస్ కుక్కర్ పెట్టి పది నిమిషాలు నడపండి. మల్టీమీటర్‌ని మిల్లీవోల్టుల్లో పెట్టి, ఒక్కో జాయింటుకి రెండు పక్కలా ముళ్లు ఆనించి చూస్తూ రండి. నట్టు బాగా బిగిసిన చోట అంకె కొన్ని మిల్లీవోల్టులే ఉంటుంది. ఒక్కచోటే 100 దాటి చూపిస్తే అన్నం ఉడికేదాకా ఆగకుండా ఇన్వర్టర్ కట్టేసి ఆ లగ్ (తీగ చివరి లోహపు ముక్క) విప్పి చూడండి. చాలాసార్లు లగ్‌కీ టెర్మినల్‌కీ మధ్య వాషర్ కనిపిస్తుంది. వాషర్ ఉండాల్సింది నట్టు కింద, లగ్ పైన.